దేవుడి గుప్పెడు

సంగనకల్లు క్రైస్తవ పేటలో ఆడవాళ్ళకు ఒక అలవాటుండేది. రొట్టెలకు జొన్నపిండి కలిపే ముందు గుప్పెడు తీసి దేవుడి కుండలో వేసేవాళ్ళు. ఆదివారం ఆ పిండి చర్చికి పోయేది. మద్దమ్మకు బాప్తిస్మంలో మార్తమ్మ అని పేరు పెట్టారు గానీ, పాదిరిగారు తప్ప ఆ పేరుతో పిలిచిన పాపాన ఎవరూ పోలేదు. ఆమె గుప్పెడు మాత్రం అందరికన్నా పెద్దది.

తుంగభద్ర కాలువ కోసం కొండలో రాయి కొడుతున్న రోజులవి. ఒక మధ్యాహ్నం పేలుడు మందు దట్టించే సుంకన్న, అందరూ దూరంగా పోయారనుకుని, హెచ్చరిక కేక వేయకుండానే వత్తి అంటించాడు. మద్దమ్మ ఒక్కగానొక్క కొడుకు ఏలియా ఇంకా బండ కిందనే ఉన్నాడు.

కొడుకును మట్టి చేసి వచ్చాక మద్దమ్మ పొయ్యి వెలిగించలేదు. దేవుడి కుండను బోర్లించేసింది. వచ్చినవాళ్ళంతా దేవుడి చిత్తమని చెప్పి పోతుంటే ఆమెకు ఒళ్ళు మండిపోయేది.

అప్పుడొక సాయంత్రం దేవుడు వచ్చి ఆమె గడపలో కూర్చున్నాడు. మాసిన తువ్వాలు, కాళ్ళనిండా దుమ్ము. ఎవరూ చెప్పకపోయినా మద్దమ్మ గుర్తుపట్టింది. ఏమీ సర్దిచెప్పకుండా, ఏలియాను పేరు పెట్టి పిలుస్తూ వెక్కివెక్కి ఏడ్చినవాడు ఆయనొక్కడే. ఆమె ఆయన పక్కన కూలబడి, అప్పటిదాకా రాని ఏడుపంతా ఏడ్చింది. తర్వాత లేచి పొయ్యి వెలిగించింది. ఇంటికొచ్చినవాణ్ణి పస్తు పంపుతామా?

ఇక రోజూ వచ్చేవాడు. దేవుడే ఇంటికి వస్తుంటే చర్చికి మోయడమెందుకని, ఆ గుప్పెడుతోనే రొట్టె తట్టి ఆయన చేతిలో పెట్టేది. మద్దమ్మ మళ్ళీ వాకిలి ఊడ్చింది, తల దువ్వుకుంది, కూలికి పోయింది. పక్కింటి సుబ్బమ్మ గోడ మీదుగా పలకరించేది.

"మీ దేవుడు వచ్చినాడేమక్కా? ఊరికే సుమ్నే కూర్చోకుండా నా మోకాలు నొప్పి కొంచెం చూడమను."

"ఆయప్పకు నా ఏడుపు వినేదానికే పొద్దు సాలకుండాది, మధ్యలో నీ మోకాలొకటా!"

దేవుడు నవ్వేవాడు. రొట్టె మాత్రం ఆమె ముందు ఎన్నడూ తినలేదు. తువ్వాలు చెంగున కట్టుకుని వెళ్ళిపోయేవాడు. వేడిగా తినకుండా ఎక్కడికి తీసుకుపోతాడో చూద్దామని ఒకరోజు మద్దమ్మ వెనకాలే నడిచింది.

దేవుడు ఊరి చివర సుంకన్న గుడిసెలోకి వంగి దూరాడు. ఏలియా పోయినప్పటినుంచి సుంకన్నను ఎవరూ పనికి పిలవలేదు. పెళ్ళాం పుట్టింటికి పోయింది. జ్వరంతో మంచం పట్టాడు. దేవుడు అతని తల ఎత్తిపట్టి, మద్దమ్మ రొట్టెను తుంచి నీళ్ళలో నానబెట్టి నోట్లో పెడుతున్నాడు.

మద్దమ్మ తడిక సందులోంచి అంతా చూసింది. ఆయన బయటికి రాగానే దారికి అడ్డం నిలబడింది.

"నా కొడుకును సంపినోనికి నా చేతి రొట్టె పెడతాండావా? నీకు మనసెట్లా వచ్చిందప్పా?"

దేవుడు తొలిరోజు ఏడ్చినట్టే ఏడ్చాడు. ఈసారి ఎవరి కోసం ఏడుస్తున్నాడో ఆమెకు తెలియలేదు.

మరుసటి సాయంత్రం దేవుడు రాలేదు. మద్దమ్మ అలవాటుగా రొట్టె తట్టి, పొద్దు వాలేదాకా వాకిలి వైపు చూసింది. "రాకుంటే పోనీ, సావనీ ఆ సుంకన్నను" అని పైకే అంది. రొట్టె చల్లారుతోంది. అవతల మంచం మీద ఒక మనిషి ఆకలితో తలుపు వైపు చూస్తుంటాడని ఆమెకు ఇప్పుడు తెలుసు. తెలిశాక తెలియనట్టు ఉండటం చేతకాలేదు. దేవుడి మీద పట్టరాని కోపం వచ్చింది. ఆ కోపంతోనే రొట్టె కొంగులో చుట్టుకుని నడిచింది.

ఆమెను చూడగానే సుంకన్న లేచి కూర్చోబోయాడు. "అక్కా, ఆ పొద్దు నేను కేక వేసింటే..."

"మాట్లాడొద్దు. నోరు తెరువు" అంది మద్దమ్మ.

రొట్టె తుంచి నీళ్ళలో నానబెట్టి ముక్క అతని నోటికి అందించింది. చిన్నప్పుడు ఏలియాకు జ్వరమొస్తే ఇట్లాగే పెట్టేది. ఏడుస్తూనే రొట్టె మొత్తం తినిపించింది.

సుంకన్న బతికాడు. దేవుడు మళ్ళీ ఆమె ఇంటికి రాలేదు. మద్దమ్మ ఉన్నన్నాళ్ళూ ఆయన మీద అలిగే ఉంది, ఆయన కోసం ఎదురుచూస్తూనే ఉంది.