పేర్లు చెరిగిన ఫొటోలు

"ఫొటోలన్నీ భద్రంగానే ఉన్నాయి కదా, ఇంకేం పోయిందని ఆ మొహం?" అన్నాడు ఎలియాజర్, టోస్టుకి వెన్న రాసుకుంటూ.

ఆయన భార్య అమృతం మౌస్ మీంచి చెయ్యి తియ్యలేదు. ఒక ఫొటో తెరిచింది, దాని వెనకుండే వివరాల పెట్టె తెరిచింది. ఖాళీ. ఇంకోటి తెరిచింది. అదీ ఖాళీయే. శుక్రవారం పొద్దున్న ఏడున్నరకే, ఆస్ట్రేలియా ఉత్తరపు కొసనున్న ఈ డార్విన్ ఊరు ఉడికిపోతోంది. వాన ఇవాళా రేపా అని నెల రోజులుగా ఊరిస్తోంది తప్ప చుక్క రాలడం లేదు. ముప్ఫయ్యో ఫొటో దాకా వెళ్ళింది. ఎక్కడా ఒక్క అక్షరం లేదు.

జరిగింది చెప్పుకుంటే చాలా చిన్నది. కంప్యూటర్ నిండిపోయిందని ఎలియాజర్ నిన్న ఫొటోలన్నిటినీ ఒకేసారి వెబ్‌సైట్ కోసం చిన్నవి చేశాడు. అలా సేవ్ చేస్తే సాఫ్ట్‌వేర్ బొమ్మను మాత్రమే ఉంచి, దాని లోపల దాచిన రాతను, ఆఖరికి తీసిన తేదీని కూడా వదిలేస్తుంది. ఆ సంగతి ఆయన చూసుకోలేదు. పెద్ద ఫైళ్ళను తుడిచేశాడు. రెండేళ్ళ రాత వాటితోపాటే పోయింది.

రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ కుప్పకూలతాయన్న భయం పుణ్యమా అని ఈ దేశం వచ్చినవాడు ఎలియాజర్. ఒక్కటీ కూలలేదు. అది తన చలవేనని బార్బెక్యూ దగ్గర నిలబడి ఇప్పటికీ చెప్పుకుంటాడు. అప్పటి బోనస్‌తోనే డిజిటల్ కెమెరా కొన్నాడు. నెలనెలా జరిగే తెలుగు ప్రార్థన కూడికలో అందరినీ నిలబెట్టి, నవ్వమని, మీట నొక్కుతాడు. అక్కడితో ఆయన పని అయిపోతుంది. ఆ ఫొటోలో ఉన్నదెవరు, ఎప్పుడు, ఎవరింట్లో, ఏ సందర్భం అన్నది ఒక్కోదానికీ కూర్చుని రాసింది అమృతం. భీమవరంలో కాలేజీ లైబ్రరీలో ఆరేళ్ళు పుస్తకాలకు కేటలాగు రాసిన చెయ్యి అది. ఇక్కడికొచ్చాక ఆసుపత్రి వంటగదిలో ట్రేలు సర్దుతోంది. కాబట్టి ఇంట్లో దొరికిన ఈ పనిని ఆకలిగా చేసింది. ఆనందరావు అంకుల్ గుండె ఆపరేషన్ తర్వాత మొదటిసారి నిలబడి పాట పాడింది ఏ కూడికలోనో రాసింది. శ్యామసుందరి ఆంటీ ఒళ్ళో ఉన్న పసిపిల్ల ఎవరి పిల్లో, ఆ పిల్ల తల్లి ఆ రోజు ఎందుకు రాలేకపోయిందో కనుక్కుని రాసింది. "ఏం పనే అది, కూచుని ఫొటోలు చూసుకోటవే కదా," అని ఫోన్లో అత్తగారు అంటే ఊఁ కొట్టి ఊరుకుంది.

ఒక సీడీలోకి కాపీ తీసి పెట్టమని ఆమె నాలుగుసార్లు అడిగింది. చూద్దాంలే అన్నాడు. ఇల్లు నడిపే ఆడవాళ్ళ పనికి బ్యాకప్ ఉండాలని ఎవరికి మాత్రం తోస్తుంది? అన్నం ఎవరూ బ్యాకప్ తీసి పెట్టుకోరు, మళ్ళీ వండమంటారు.

ఎలియాజర్ అన్నదీ అదే. "సండే కృతజ్ఞతా కూడిక ఉంది కదా. తెర మీద ఫొటో వేసి పేరు చదివితేనే ఒక్కొక్కరికీ ప్రేయర్ చేసేది. రెండొందల నలభై సెలెక్ట్ చేశా. నువ్వు రేపు కూచుని పేర్లు కొట్టెయ్. నీకు నోటికొచ్చు కదా."

"సోమవారం నా ఇంటర్వ్యూ ఉందండీ."

"ఏది? ఆ లైబ్రరీదా? వారానికి త్రీ డేస్ జాబే కదా. చూద్దాంలే."

పాత ఫొటోలకు వివరాలు రాసే ఉద్యోగం అది. తాను రాసినవాటిలో పన్నెండింటిని ఒక డిస్కులో పెట్టి తెమ్మన్నారు. ఈ దేశంలో మూడేళ్ళ తర్వాత, ఆమెకు వచ్చిన పని ఏమిటో తెలిసి పిలిచినవాళ్ళు వాళ్ళొక్కళ్ళే. చూపించడానికి ఇప్పుడు ఆమె దగ్గర ఏమీ లేదు. ఈ మాట కూడా ఆయనతో చెప్పింది. ఆయన కారు తాళాలు వెతుక్కుంటున్నాడు.

ఆ రోజంతా ఆమెకు పని మీద మనసు నిలవలేదు. వంటగదిలో ఒక పేషెంటు ట్రేలో రెండు సూపులు పెట్టి సూపర్వైజరు చేత మాట పడింది. బస్సులో తన స్టాపు దాటిపోయి వెనక్కి నడిచింది. ఏడుపొస్తే బాగుండుననిపించింది, కానీ వచ్చింది కోపం. తుడిచేసినందుకు కూడా కాదు ఆ కోపం, పొరపాటు ఎవరైనా చేస్తారు. రెండేళ్ళ పని పోతే ఆ మనిషికి ఏమీ పోయినట్టు కనబడకపోవడమే ఆమెను దహించేసింది.

శనివారం పొద్దున్న కంప్యూటర్ ముందు కూర్చుంది. పన్నెండింటికి షిఫ్టు. చేతిలో ఉన్నది నాలుగు గంటలు. పేర్లు మాత్రం టకటకా కొట్టుకుంటూ పోతే రెండొందల నలభై దాదాపు అయిపోతాయి. ఇంటర్వ్యూకి చూపించేలా రాయాలంటే పన్నెండుకే సరిపోతుంది. తేదీలు గల్లంతయ్యాయి కనుక ఎవరినైనా అడిగి సరిచూసుకోవాలి. ఆమె చెయ్యి అలవాటుగా ఆయన ఎంచిపెట్టిన ఫోల్డరు మీదకే వెళ్ళింది. అక్కడే కాసేపు ఆగిపోయింది. ఎనిమిదేళ్ళ షీనా వచ్చి, "మమ్మీ, వాట్ ఆర్ యూ డూయింగ్?" అంది.

"నా పని చేసుకుంటున్నానమ్మా," అంది అమృతం. తన నోటినుంచి ఆ మాట విని తనే కొంచెం తడబడింది.

పన్నెండు ఎంచింది. శ్యామసుందరి ఆంటీకి ఫోన్ చేసి ఒక ఫొటో ఎప్పటిదో అడిగింది. "అది ఈస్టర్ తర్వాత వారమమ్మా, ఆ రోజు నా చీర మీద సాంబారు పోసుకున్నాను, మర్చిపోతానా," అంది ఆంటీ. సాంబారు తప్ప మిగిలినదంతా అమృతం రాసుకుంది. ఒక్కో ఫొటోకీ ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఎవరు చెప్పగా తెలిసింది అన్నీ రాసింది. వివరాలు రాసినవారు అన్న గడి ఒకటి అడుగున ఉంటుంది. రెండేళ్ళూ దాన్ని దాటేసుకుంటూ పోయింది. ఈసారి పన్నెండింటిలోనూ తన పేరు నింపింది. డిస్కులో ఎక్కించి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని బస్సెక్కింది.

ఆదివారం టిఫిన్లయ్యాక ఎలియాజర్ కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. కాసేపటికి గొంతు వినబడింది.

"అమృతం, ఇదేంటి, పన్నెండు ఫొటోలకే పేర్లున్నాయి. మిగతావేవీ?"

"మిగతావి నేను రాయలేదండీ."

"అదేంటి? ఇవాళ సాయంత్రం నాలుగింటికి ప్రోగ్రాం! పాస్టర్ గారికి ఏం చెప్పను?"

"చాలా టైముంది. మీరు రాయండి."

"నేనా?" అన్నాడు ఎలియాజర్. ఇది ఏదో సరసమనుకున్నట్టు నవ్వబోయి, ఆమె నవ్వకపోయేసరికి ఆగిపోయాడు. "వాళ్ళందరి పేర్లూ నాకేం తెలుసు?"

రెండేళ్ళపాటు వాళ్ళను ఎదురుగా నిలబెట్టి, ఇటు చూడండి, అటు చూడండి అన్న మనిషి ఆయన. అమృతం ఆయనకేసి కొత్తగా చూసింది. మొన్నటి కోపం కూడా లేదిప్పుడు.

"వెళ్ళి ఒక్కొక్కరినీ అడగండి," అంది. "నేనూ అలాగే తెలుసుకున్నాను."