అయిదు సీట్ల బండి

ధనరాజు జీపు టాపు మీద మోకాళ్లు ఆనించి, ఆఖరి తాడు పళ్లతో పట్టి బిగిస్తున్నాడు. శుక్రవారం, అరకు సంత. కింద పెదబయలు జనం ఎక్కుతూనే ఉన్నారు. ఆ జీపులో ఎంతమంది పడతారని ఎవరైనా అడిగితే అతనికి నవ్వొస్తుంది. ఇక ఎక్కేవాళ్లు మిగల్లేదంటేనే అది నిండినట్టు. డ్రైవరు సీటు కూడా సగమే అతనిది. మిగతా సగంలో ఎవరో ఒకరు ఉంటారు. ఒక తొడ సీటు మీద, కుడి భుజం బయట గాలిలో. ఏళ్ల తరబడి అలాగే నడిపి, అతని కుడి చెయ్యి కమిలి నల్లబడింది. ఎడమ చెయ్యి పక్కన పెడితే రెండూ ఒక మనిషివేనా అనిపిస్తుంది. నలభై దాటిన పొట్టి మనిషి, నుదుటి మీద పడే గిరజాలు, ఎప్పుడూ ఎవరికో చోటు ఇస్తున్నట్టు కాస్త పక్కకి ఒరిగిన నడక.

దేముడమ్మ అనే ముసలావిడ ఒక గోనె మూట అందించింది. ధనరాజు చెయ్యి దానంతటదే మూటని అదిమి చూసింది.

"ఇప్పి సూడు నాయినా. పిప్పళ్లు. నా మీద గూడా అనుమానమేటి?" అంది ముసలావిడ.

కింద నలుగురు తలెత్తి చూశారు. ధనరాజుకి సిగ్గేసింది. ఈ కొండల్లో సర్వీసు జీపు వాడు ఎక్కినవాడి మూట విప్పించడు. మూటలో ఏముందని అడగడమంటే మొహాన దొంగ అనడమే. ఆ మర్యాద పాటించే మూడేళ్ల కిందట ధనరాజు కొంప ముంచుకున్నాడు. పసుపు కొమ్ములని చెప్పి ఎవడో రెండు బస్తాలు వేశాడు. చెక్‌పోస్టు కనబడే మలుపుకి ముందే, కడుపులో బాగాలేదని దిగిపోయాడు. బస్తాల్లో ఉన్నది గంజాయి. మనిషి లేడు, బస్తాలున్నాయి, బండి ధనరాజుది. నెలల తర్వాత జీపు తిరిగొచ్చింది. కేసు మాత్రం వదల్లేదు. అది తేలేదాకా పాస్‌పోర్టు రాదు.

పాస్‌పోర్టుతో ధనరాజుకేం పని అంటే, అతని భార్య నీలవేణి ఐర్లండ్‌లో నర్సు. వెళ్లి రెండేళ్లయింది. పిల్లలిద్దరికీ వీసాలు వచ్చాయి. ఈ మధ్యాహ్నం రైలుకే వాళ్ల ప్రయాణం. ఇలాంటి రోజున బండి తియ్యడమేమిటని బావమరిది జగదీష్ కోప్పడ్డాడు కూడా. ఇంట్లో ఉంటే పెట్టెలు సర్దడం చూస్తూ కూర్చోవాలి. అది ధనరాజు వల్ల కాలేదు.

ఘాటీలో ఒక మలుపు దగ్గర జీపు ఆగింది. ఆపమని ఎవరూ అడగలేదు. దారి మొత్తం మీద సిగ్నలు అందేది అక్కడే, అందుకని ప్రతి బండీ అక్కడ ఆగుతుంది. జీపులో ఫోన్లన్నీ ఒక్కసారి మోగాయి. ధనరాజు ఫోనులో నీలవేణి.

"ఏటి, సంత ట్రిప్పా?"

"ఆఁ. నైటు డ్యూటీ అయిపోనాదా?"

"ఇంకా లేదు, టీకి వొచ్చాను. కారు షోరూమోడు ఏ బండో ఇయాల సాయంత్రానికి సెప్పమన్నాడు. నిన్న రెండు బళ్లూ నడిపి సూసినాను."

"నువ్వు నడిపినావా?"

"లైసెన్సు వొచ్చి నెలయ్యింది గదా. సెప్పలేదేటి?"

చెప్పలేదు. పెళ్లయిన కొత్తలో, నాకూ జీపు నేర్పవా అని ఆమె అడిగింది. ఘాటీలో ఆడోళ్లేటి బండి నడపడం అని అతను పగలబడి నవ్వాడు. ఇన్నాళ్లూ ఫోటోల్లో ఏ కారు చూపించినా అతను స్టీరింగు వెనక తననే పెట్టుకున్నాడు. ఆ సీట్లో ఇప్పుడు ఆమె కూర్చునుంది. బాగానే కూర్చుని ఉంటుంది కూడా. అతనికి అసూయ వేసింది. వెంటనే, ఇదేం బుద్ధి అని తనమీద తనకే కోపం వచ్చింది.

"అయిదు సీట్లది లీటరుకి ఇరవై పైనే ఇస్తాదట. ఏడు సీట్లది అందులో సగం గూడా రాదంట. నాకు రోజూ దూరం తిరగాల," అంది నీలవేణి. "రమణి, ఆల గుంట, నేను, మన పిల్లలిద్దరూ. అయిదుగురికీ సరిపోద్ది."

రమణి ఆమెతోపాటు పనిచేసే నర్సు, ఆమెకో కూతురు. ఇల్లూ ఖర్చూ ఇద్దరూ కలిసే పంచుకుంటున్నారు. తన జీపులో తలలు ఎన్నడూ లెక్కపెట్టని ధనరాజు, ఆ అయిదు తలల్నీ వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు. బొటనవేలితో సరిపోయింది.

"పెద్దదే తీసుకో," అన్నాడు. "లేదంటే సిన్నదాంట్లోనే సర్దుకుందాం. మణిగాడు ఒళ్లో కూకుంటాడు."

"ఇక్కడ సర్దుకోడాలు లేవయ్యా. మనిషికో సీటు, సీటుకో బెల్టు. గుంటణ్ణి ఒళ్లో కూకోబెడితే పోలీసులు పట్టుకుంటారు. నీ కేసు తేలితే అప్పుడు మార్సుకుందాం. నీకు పెద్దదే కావాలంటే ఇప్పుడే తీసేస్తాను. నువ్వే సెప్పు. నువ్వు ఏది అంటే అదే."

సగం సీటులో ఉన్న కాఫీతోట కొండబాబు అంతా విన్నాడు. "పెద్దదే తీసుకోమనరా. సుట్టాలొస్తే దేంట్లో ఎక్కుతారు?" అన్నాడు. వెనక నుంచి ఇంకెవరో, టాపు మీద కడ్డీలున్నాయో లేదో ముందు కనుక్కోమన్నారు. జీపంతా నవ్వింది. ధనరాజూ నవ్వాడు. సాయంత్రంలోగా చెబుతానని నీలవేణికి చెప్పి ఫోను పెట్టేశాడు.

ఇంజను వేయబోతుండగా వకీలు వరహాలరావు ఫోను. మాట రెండు ముక్కల్లో అయిపోయింది. నిన్న కోర్టుకి సాక్షి రాలేదు, కేసు మళ్లీ వాయిదా పడింది.

"ఎన్నాళ్లు బాబూ?"

"ఏం చెప్పమంటావయ్యా. చూద్దాం."

జీపు కదిలింది. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ. ఎదర బండి వస్తే వెనక్కి పోవడానికి లేదు, పక్కకి తప్పుకోవడానికి లేదు. ఇన్నేళ్లుగా ఇదే దారి. ఎవరెక్కినా, జరగండి జరగండి అంటూ చోటు చేసిపెట్టడమే తన పని. అలాంటిది తనకి చోటు చెయ్యమని అడగడానికి ఈ భూమ్మీద ఏ మనిషీ కనిపించడం లేదు. అవసరం లేకపోయినా హారను కొట్టాడు.

జనాన్ని సంతలో దించి, ధనరాజు ఇంటికి తిరిగెళ్లి పిల్లల్నీ జగదీష్‌నీ సామాన్లతో సహా ఎక్కించుకొచ్చాడు. అరకు స్టేషనులో కూతురు సోని తండ్రి కంటే ముందే పెట్టె దించేసింది. పదమూడేళ్ల పిల్ల, ఆర్నెల్లలో చెట్టంత అయింది. తమ్ముడు మణిదీప్ అంత ఎండలోనూ తల్లి పంపిన మందపాటి కోటు విప్పనన్నాడు.

"నానా, అమ్మ పెద్ద బండే కొంటాదా?" అని మెల్లిగా అడిగింది సోని. పెద్ద బండి అంటే తండ్రికీ చోటున్నట్టని ఆ పిల్లకి తెలుసు.

"ఏదైనా బాగుంటాది. నువ్వు ముందు కూకో, దారి నేర్సుకుంటావు. తమ్ముణ్ణి కిటికీ పక్కన కూకోబెట్టు. కడుపులో తిప్పుతాది ఆడికి."

హైదరాబాదు దాకా జగదీష్ వెళుతున్నాడు. అక్కణ్ణుంచి అదే ఆసుపత్రికి పోతున్న ఒక నర్సు పిల్లల్ని తీసుకుపోతుంది. "కేసెంతలే బావా, నువ్వూ వొచ్చేస్తావు," అన్నాడు జగదీష్. ధనరాజు తలూపాడు. రైలు వచ్చింది. పెట్టెలెక్కించే హడావిడిలో పిల్లల్ని సరిగ్గా ముట్టుకోనైనా లేదు. మణిదీప్ మొహం అద్దానికి అదిమాడు. సోని చెయ్యి ఊపలేదు, చూస్తూ ఉంది. రైలు నెమ్మదిగానే కదిలింది.

ప్లాట్‌ఫారం ఖాళీ అయ్యాక ధనరాజు ఫోను తీసి నోటి దగ్గర పెట్టుకున్నాడు.

"నీలా, సిన్నదే తీసుకో. మైలేజీ బాగుంటాది. నా గురించి ఆగొద్దు."

పంపించేశాడు. పెద్దది అడిగితే ఆమె కొనేది. రెండు సీట్లు ఖాళీగా మోసుకుంటూ, రోజూ ఆ పెట్రోలు పోసుకుంటూ, ఒకనాటికి తనని తిట్టుకునేది. ఆ ఖాళీ సీటుగా అక్కడ ఉండటం అతనికి ఇష్టం లేకపోయింది. కాసేపటికి 'సరే' అని వచ్చింది. దాని కింద ఆమె ఇంకేదో రాస్తున్నట్టు చాలాసేపు చూపించి, ఆగిపోయింది.

సంత విడిచింది. జనం జీపు ఎక్కి లోపలికి చూశారు.

"మద్ది సీటేదిరా?" అన్నాడు కొండబాబు.

"పిల్లల సామాన్లకని ఇప్పీసినాను. సర్దుకోండి."

అందరూ మూటల మీద, కింద రేకు మీద కూర్చున్నారు. దేముడమ్మ ఈసారి ఉప్పు మూట ఇచ్చింది. ధనరాజు దాన్ని అదమలేదు.

అందర్నీ దించి ఇంటికి వచ్చేసరికి సందెచీకటి పడుతోంది. తలుపు తాళం తియ్యకుండా వాకిట్లోనే నిలబడ్డాడు. ఇరుకు అరుగంతా ఆక్రమించుకుని జీపు మధ్య సీటు ఉంది. బయల్దేరే ముందు పిల్లలిద్దరూ దాని మీదే కూర్చుని కొత్త బూట్లు తొడుక్కున్నారు. నలుగురు సుఖంగా పట్టే సీటు అది. రెక్సిన్ మీద, బూట్లలోంచి తీసి పారేసిన కాగితం ఉండలు ఇంకా అలాగే ఉన్నాయి.