పురుగులకు దక్కిన పేరు

ఇలా రా తల్లీ, ఆ కుర్చీ నా పక్కకు లాక్కో. ఊరంతా వినేలా చెప్పాల్సిన మాటే ఇది, కానీ రోజూ అరిచి అరిచి నా గొంతు పోయింది. చెవి ఇటు పెట్టు.

మా మనవడు నాగేశ్ చింతామణిలో ఇల్లు కట్టుకున్నాడు కదా, ఆ ఇంటి హాల్లోకి ఒక ఆంప్లిఫయరు తెచ్చాడు. రుబ్బురోలంత బరువు. టేపు వేయక్కర్లేదు, రికార్డు పెట్టక్కర్లేదు. ఇంటర్నెట్‌లోంచి పాటను అదే తెచ్చుకుంటుంది, అదే పెంచి రెండు స్పీకర్లకు పంపిస్తుంది. ముందున్న అద్దం మీద పాట పేరు, పాడినవాళ్ల పేరు వెలుగుతాయి. నేను కన్నడ బడిలో రెండో తరగతితో ఆగిపోయినదాన్ని. ఆ ఇంగ్లీషు అక్షరాలు నాకు చీమల బారు. చెవులు మాత్రం దేవుడు ఇచ్చినవి ఇచ్చినట్టే ఉన్నాయి.

దాన్ని బిగించడానికి బెంగళూరు అంగడి నుంచి భాను అనే ఆయన వచ్చాడు. నలభై ఏళ్ల మనిషి, సొంతూరు మిట్టేమరి. వైర్లన్నీ తగిలించి, చేతులు తుడుచుకుని, నన్ను పిలిచి స్పీకర్ల ఎదుట కూర్చోబెట్టాడు.

"అవ్వా, పెట్టె సత్తా తెలియల్లంటే ఒక పాట ఉండాది. మా అంగడికొచ్చే వాళ్లకంతా ఇదే వినిపిస్తాం. పెంకుటింటి మీద వాన పడతా ఉంటే ఒకామె పాడతాది. చినుకు చినుకూ ఎంచుకోవచ్చు."

ఫోను మీద వేలు ఆనించాడు. హాలంతా వాన చప్పుడు. ఆ చప్పుడులోంచి ఒక గొంతు లేచింది.

"నిద్దరా నిద్దరా మా ఇంటికి రావే, నాలుగు కండ్లు నీ కోసరం కాసుకోని ఉండాయే."

నా చేతిలో కాఫీ లోటా ఒరిగి చీర తడిసిపోయింది. అది మా అక్క మునివెంకటమ్మ! పోయి పంతొమ్మిదేళ్లయిన మా అక్క. పట్టు పురుగులు గూడు కట్టే ముందు వారం రోజులు ఆకు వేస్తూనే ఉండాలి, కన్ను మూయడానికి ఉండదు. సాదలిలో ఆ పురుగుల ఇంట్లో నిద్రను పిలుస్తూ మా అక్క కట్టిన పాట అది. నాలుగు కళ్లంటే ఆమెవి రెండు, నావి రెండు.

"రేయ్ నాగేశా, అద్దం మీద పాడినోళ్ల పేరు ఏముండాది?"

"శ్రీరంజని అని ఉండాది అవ్వా. పాట పేరు వాన పాట అంట."

శ్రీరంజని! ఎందుకు గుర్తుండదు? నలభై ఏళ్ల కిందట భుజాన టేపు రికార్డరు వేసుకుని వచ్చిన చదువుకున్న ఆమె. మా అక్క రాగి ముద్ద, ఉలవచారు పెట్టింది. అక్క పాడుతుంటే ఆమె మైకు పట్టుకుని కూర్చుంది, నోరు తెరిస్తే ఒట్టు. మా అక్క పేరు, ఊరు పుస్తకంలో రాసుకుంది కూడా. నా కళ్లతో చూశాను.

"ఆమె పాడలేదప్పా. పాడింది మా అక్క. అది వానా కాదు."

భాను నవ్వాడు. "పదేండ్లుగా వింటాండాను అవ్వా. వానే."

"పదేండ్లు విన్నావు గానీ ఒక దినమన్నా పురుగులకు ఆకేసినావా? ఆ ఏడు చినుకు రాలలేదు. బావి నీళ్లు తోడి మల్బరీ తోట కాపాడుకుంటిమి. అది వేల పురుగులు ఒక్కసారి ఆకు కొరికే చప్పుడు. మొదటి నుంచి పెట్టు. నేను చెప్పతా, నువ్వు విను."

మళ్లీ పెట్టాడు. రెండో చరణం వచ్చింది.

"ఇప్పుడు నీ వాన సన్నబడతాది. ఆకు అయిపోయింది."

సన్నబడింది.

"ఇప్పుడు ఆకు తట్ట గోడకు తగులుతాది. తగిలించింది నేనే, అక్క చేత తిట్లు కూడా తింటి."

ఠక్‌మని మోగింది.

"ఇది ఆకు పరిచే గరగర. పురుగులు పైకెక్కేదానికి కొంచెం సేపు పడతాది. ఇదో, ఎక్కినాయి."

హోరు మళ్లీ అందుకుంది. భాను ముఖంలో నవ్వు పోయింది. "ఆ ఠక్‌మనేది కిటికీ రెక్క అనుకుంటిమి అవ్వా. ఆ చప్పుడు చూపించి ఎన్ని పెట్టెలు అమ్మినామో!"

నాగేశ్ అప్పటికప్పుడే పాట విడుదల చేసిన కంపెనీకి ఫోను చేశాడు. అవతల ఎవరో, చాలా మర్యాదస్తుడు.

"మాకొచ్చిన కాగితాల్లో శ్రీరంజని గారి పేరే ఉంది సార్. ఆమె కూడా ఇప్పుడు లేరు. మీ దగ్గర ఆధారం ఉందా? ఫోటో గానీ, ఉత్తరం గానీ?"

ఫోను నేను లాక్కున్నాను. "పొలానికి పహణి ఉంటాది, సర్వే నంబరు ఉంటాది. పాటకు యాడ ఉంటాదప్పా? నోట్లోంచి వచ్చేదానికి ఏ తాలూకాఫీసులో ముద్ర వేయించుకోవల్ల?"

"అమ్మా, మీ బాధ అర్థమవుతోంది. కానీ ఇది జానపదం. జానపదానికి కట్టినవాళ్లంటూ ఉండరు."

"ఉండారు! గోనెపట్ట మీద నా పక్కన కూచోని కట్టింది. సాక్షిని నేనింకా బతికే ఉండా. ఆ తట్ట చప్పుడు నీకు సాక్ష్యం కాదా?"

విచారించి చెబుతానన్నాడు. ఎనిమిది రోజులకు ఫోనుకు జాబు వచ్చింది. నాగేశ్ చదివి వినిపించాడు. అరుదైన సంగతి తెలిపినందుకు కృతజ్ఞతలట, పాట వివరాలు సరిదిద్దారట. నా గుండె పొంగింది. పరుగున వెళ్లి అద్దం ముందు నిలబడ్డాను.

"చదవరా."

"పాట వెనక వినిపించేది వాన కాదు, పట్టు పురుగులు ఆకు తినే చప్పుడు అని రాసినారు అవ్వా."

"పాడినోళ్ల పేరో?"

వాడు తల దించుకున్నాడు. "శ్రీరంజనే ఉండాది."

చూశావా తల్లీ! పురుగుల పేరు రాస్తారట, ఆ పురుగులను మేపుతూ పాడిన మనిషి పేరు రాయరట. పురుగులేమైనా ఫోటో పంపించాయా, ఉత్తరం రాశాయా? వాటి విషయంలో నా మాట చెల్లింది, మా అక్క విషయంలో చెల్లలేదు. ఎందుకు? చప్పుడు వింతగా ఉంటే అమ్ముడుపోతుంది, మునివెంకటమ్మ పేరుంటే వాళ్లకు ఒరిగేదేముంది? ఇదీ వాళ్ల మర్యాద!

"ఈ పెట్టె నాకొద్దు అవ్వా, తిరిగిచ్చేస్తా" అన్నాడు నాగేశ్.

"పెట్టె ఏం చేసిందిరా? ఇంతమందిలో నిజం చెప్పింది అదొక్కటే. కిటికీలు తీసి పెట్టు, గట్టిగా పెట్టు" అన్నాను. రోజూ సాయంత్రం పెడుతున్నాడు. వీధిలో వెళ్లేవాళ్లు ఆగితే, అక్క గొంతు లేచేలోపు నేనే పేరు చెబుతున్నాను.

కానీ నాకు డెబ్బై నాలుగేళ్లు. ఎన్నాళ్లు చెబుతాను? అందుకే నిన్ను పిలిచాను. బాగేపల్లిలో గానీ, చిక్కబళ్లాపురంలో గానీ, ఎవరింట్లో ఆ వాన పాట వినిపించినా, అయ్యేదాకా ఆగకు. ఇది సాదలి మునివెంకటమ్మ కట్టిన పాట, పాడింది కూడా ఆమేనని చెప్పు. ఎవరన్నారని అడిగితే, ఆకు వేసిన చెల్లెలు హనుమక్క అన్నదను. విన్నవాళ్లను ఇంకొకరికి చెప్పమను.

ఏదీ, ఆ పేరు ఒకసారి నాకు చెప్పు, వింటాను.