ఎక్కాల సారు రాసిన రూలు

ఆ ఆసుపత్రిలో నెట్‌వర్కు చూసుకునే పెద్దాయనను అందరూ ఎక్కాల సారు అంటారు. ఆయన లెక్కల మాస్టారేమీ కాదు. రెండు భవనాలు, తొమ్మిది అంతస్తులు, వాటిలోని ప్రతి యంత్రం ఐపీ అడ్రసూ, అంటే నెట్‌వర్కులో దాని ఇంటి నంబరు లాంటిది, ఆయనకు నోటికి వచ్చు. ప్రింటరు మొండికేసిందని మూడో అంతస్తు నర్సు ఫోను చేస్తే చాలు, కాగితం ముట్టకుండా నాలుగు ముక్కల అంకెలను ఎక్కంలా గడగడా అప్పజెప్పేస్తాడు. ఇరవై రెండేళ్ళుగా ఆయన గొప్పంతా ఆ నోట్లోనే ఉంది.

అలాంటి మనిషికి, ఆయన కింద పనిచేసే పదకొండు మందికి ఐపీ ఆరో వెర్షన్, అంటే ఆ అడ్రసుల కొత్త పద్ధతి నేర్పడానికి ఆసుపత్రివాళ్ళు ఎవరిని పిలిచారయ్యా అంటే, సాక్షాత్తూ ఆయన తోడల్లుణ్ణి. భార్య చెల్లెలి మొగుడు. ప్రపంచంలో ఇంకెవరూ దొరకనట్టు! పెళ్ళయిన కొత్తలో అతను పనీపాటా లేకుండా తిరుగుతుంటే, కేబులు చివర రంగు తీగలు ఏ వరసలో పెట్టి నొక్కాలో చేయి పట్టుకుని నేర్పింది ఈయనే. ఇప్పుడు అతను మెరిసే బూట్లు వేసుకుని, బోర్డు ముందు నిలబడి పాఠం చెబుతాడు. ఈయన వెనక బెంచీలో నోటుపుస్తకం తెరిచి కూర్చోవాలి.

పైగా శిక్షణ జరిగే పది రోజులూ అతని మకాం వీళ్ళింట్లోనే. "మరిదిగారిని చూడండి, తిన్న కంచం ఆయనే తీస్తారు," అంది భార్య మొదటి రోజే. ఇన్నేళ్ళలో తన కంచం తాను తీయని మనిషికి అది ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. కూతురు ఇంకో అడుగు ముందుకేసింది. "నాన్నా, నెట్‌వర్కుల గురించి నువ్వు చెప్తుంటే నిద్రొచ్చేది. బాబాయ్ చెప్తే ఒక్కసారికే అర్థమైపోయింది." ఎక్కాల సారు నవ్వాడు. నవ్వక ఏం చేస్తాడు?

క్లాసులో మరీ ఘోరం. తోడల్లుడు బోర్డు మీద కొత్త రకం అడ్రసు ఒకటి రాశాడు. అంకెలూ అక్షరాలూ కలగలిసిపోయి, ఎనిమిది ముక్కలుగా, బోర్డు ఈ చివర నుంచి ఆ చివర దాకా పాకింది.

"వీటిని గుర్తుపెట్టుకోవాలని చూడకండి. ఎవరివల్లా కాదు. పేర్లు వాడండి, అడ్రసుల సంగతి యంత్రాలు చూసుకుంటాయి," అన్నాడు.

"అమ్మయ్య! ఇక అస్తమానం సారుని విసిగించక్కర్లేదు," అంది ముందు వరసలోని టెక్నీషియనమ్మ. ఆవిడ మంచికే అంది. ఎక్కాల సారు మాత్రం నోటుపుస్తకం టప్పున మూసేశాడు.

ఆ సాయంత్రం సూపరింటెండెంటు మేడమ్ ఆయన్ని పిలిపించి, మర్యాదగా కుర్చీ చూపించింది. "శిక్షణ చివర్లో కొత్త పద్ధతి చూపించే డెమో బాగా జరిగితే కొత్త నెట్‌వర్కుకి మీ తోడల్లుణ్ణే ఇన్‌చార్జిగా తీసుకుందామని ఉందండీ. పాతది ఉన్నన్నాళ్ళూ మీరు చూసుకుందురు గాని," అంది. పాతది ఉండేది ఎన్నాళ్ళు? మహా అయితే రెండేళ్ళు. అంటే తన కుర్చీకి ఇంకా ఎంత ఆయుష్షుందో మేడమ్ చెప్పకనే చెప్పేసింది.

ఆరో రోజు పాఠంలో అసలు సంగతి వచ్చింది. తోడల్లుడు రెండు భవనాల బొమ్మ గీసి, మధ్యలో ఇరుకు దారి ఒకటి గీశాడు. "పాత పద్ధతిలో సమాచారం మోసుకెళ్ళే పార్సిలు ఇరుకు దారిలో పట్టకపోతే, దారిలో ఉన్న యంత్రమే దాన్ని ముక్కలు చేసి పంపేది. కొత్తదాంట్లో ఆ పని చెయ్యదు. ‘ఇది పట్టదు, చిన్నది చేసి పంపు’ అని పంపినవాళ్ళకి చీటీ రాస్తుంది. ఆ చీటీని ఎవరైనా ఆపేశారనుకోండి, చిన్న పార్సిళ్ళు వెళ్తాయి, పెద్దవి వేలాడతాయి. పంపినవాడికి ఎందుకో కూడా తెలీదు."

వెనక బెంచీలో ఎక్కాల సారు నాలుక కరుచుకున్నాడు. చాలా ఏళ్ళ క్రితం ఎవరో బయటివాళ్ళు లోపల ఏ యంత్రాలున్నాయో ఆరా తీస్తూ అలాంటి చీటీలు పంపుతుంటే, ఒళ్ళు మండి, భవనాల మధ్య వచ్చేపోయేవాటికి కాపలా కాసే ఫైర్‌వాల్‌లో ఆయనే ఒక రూలు రాశాడు. ఆ జాతి చీటీ ఏది వచ్చినా చదవకుండా పారెయ్యమని. పాత పద్ధతిలో దానివల్ల పెద్ద నష్టం రాలేదు. రెండు నెలల క్రితం కొత్త దారి తెరిచినప్పుడు, చేతి అలవాటుగా అదే రూలు అక్కడా దింపేశాడు. ఇప్పుడు చేయెత్తి ఆ మాట చెప్పాలి. తోడల్లుడి ముందు, తన కింద పనిచేసే పదకొండు మంది ముందు! సాయంత్రం గుట్టుగా తీసేద్దాంలే అనుకున్నాడు. సాయంత్రం వచ్చింది, పోయింది. రూలు అలాగే ఉంది.

డెమో రోజు పొద్దున్నే తోడల్లుడు ఒకసారి సరిచూసుకున్నాడు. రక్తపరీక్షల రిపోర్టులు టకటకా తెరుచుకున్నాయి. పెద్దవైన స్కాను బొమ్మలు మాత్రం రాలేదు. అతని నుదుటి మీద చెమట చూసి ఎక్కాల సారు ప్రాణం లేచి వచ్చింది. పాపం అనుకుందామని చూశాడు గాని మనసు ఒప్పుకోలేదు.

కాసేపటికి తోడల్లుడు రెండు టీ కప్పులతో వచ్చాడు. "అన్నయ్యా, భవనాల మధ్య మనం ఏమైనా ఆపుతున్నామా?"

"నాకేం తెలుస్తుంది తమ్ముడూ? కొత్త సంగతులాయె. నువ్వే చూసుకో."

తోడల్లుడు ఆయన మొహంలోకి ఒక్క క్షణం చూశాడు. "సరే అన్నయ్యా," అని వెళ్ళిపోయాడు.

పదకొండింటికి మేడమ్, నలుగురు డాక్టర్లు వచ్చి కూర్చున్నారు. స్కాను తెరవగానే తెర మీద చక్రం తిరగడం మొదలుపెట్టి, ఇక ఆగలేదు. పెద్ద డాక్టరు గడియారం చూసుకుని లేచిపోయాడు.

"ఎవరి పొరపాటండీ ఇది?" అంది మేడమ్.

"నాదే మేడమ్. ముందే చూసుకోవాల్సింది," అన్నాడు తోడల్లుడు.

అందరూ భోజనాలకు వెళ్ళాక ఎక్కాల సారు తన బల్ల దగ్గర కూర్చున్నాడు. ఇప్పుడు రూలు తీసేసి, సమస్య ఎక్కడుందో తానే పట్టుకున్నానని మేడమ్‌కి చెప్పాలనుకున్నాడు. ఆ చెప్పే వాక్యం కూడా లోలోపల రెండుసార్లు చదువుకున్నాడు. ఫైర్‌వాల్ తెరిచాడు. ఎవరు ఏ రూలు ఎప్పుడు చూశారో అది రాసిపెట్టుకుంటుంది. రూలు రాసినది తానే. చివరగా చూసినది తోడల్లుడు, ఇవాళ పొద్దున తొమ్మిదీ పదికి. టీ తెచ్చింది తొమ్మిదిన్నరకి. అడగడానికి ముందే అతనికి తెలుసు.

శిక్షణ గదిలో తోడల్లుడు ఒక్కడే కేబుళ్ళు చుట్టలు చుడుతున్నాడు.

"చూశావన్నమాట. మరి నువ్వే తీసెయ్యలేకపోయావా?" అన్నాడు ఎక్కాల సారు గుమ్మంలోంచే.

"నాకు చూసేంతవరకే అనుమతి ఇచ్చారు, మార్చడానికి ఇవ్వలేదు. అందుకే మిమ్మల్ని అడిగాను. చెప్తారేమోనని పదకొండు దాకా చూశాను."

"మేడమ్‌తో చెప్పాల్సింది."

"నోరు రాలేదు. సాయంత్రం మీ ఇంట్లోనే అన్నం తినాలి, వదిన మొహం చూడాలి." కేబులు చుట్టను బల్ల మీద విసురుగా పడేశాడు. "మంచితనం అనుకోకండి అన్నయ్యా. ఒళ్ళు మండిపోతోంది నాకు."

ఇన్నాళ్ళూ అతని జీతం చూసి, బూట్లు చూసి, ఇంట్లో దొరికే మెప్పు చూసి ఎక్కాల సారు కుళ్ళుకున్నాడు. ఇప్పుడు కొత్తగా ఇంకోటి చేరింది. అంత కోపంలో, అంతమంది ముందు నోరు మూసుకోగలగడం. తానైతే ఆ పని చేసి ఉండడు. ఆ సంగతి తనకు బాగా తెలుసు. అన్నిటికన్నా అదే ఎక్కువగా మండింది.

వెనక్కి వెళ్ళి రూలు తీసేశాడు. స్కాను బొమ్మ తెర నిండా వచ్చేసింది. దాన్ని చూస్తూ కూర్చోలేక, లిఫ్టు కోసం కూడా ఆగకుండా నాలుగంతస్తులు ఎక్కి మేడమ్ గదిలోకి వెళ్ళాడు.

"మేడమ్, డెమో చెడింది నా రూలు వల్ల. తెలిసీ చెప్పలేదు."

మేడమ్ కలం కింద పెట్టింది. "తెలిసీనా?"

"తెలిసే."

"కొత్త నెట్‌వర్కు మీ తోడల్లుడికే అప్పగిస్తాను. పాతది కూడా ఇకనుంచి ఆయన చేతి కిందే. మీరు ఆయన దగ్గర పనిచేయాలి. ఏమైనా అభ్యంతరమా?"

తోడల్లుడి చేతి కింద! కాదనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఎక్కాల సారు దాన్ని మింగాడు. అది సగమే దిగింది.

"లేదు మేడమ్. రేపు మళ్ళీ డెమో పెట్టించండి. మొదలుపెట్టే ముందు ఆ రూలు సంగతి అందరికీ నేనే చెప్తాను. ఆయన చెప్పరు."