ఏ ఇంటి దూది ఆ ఇంటికే

1962 ఫిబ్రవరిలో కదిరి బజారుకు దూది ఏకే యంత్రం వచ్చింది. ఆ వారంలోనే రహంతుల్లా తన అన్న ఖాజా హుస్సేన్ దుకాణం వదిలి, యంత్రం దగ్గర పనికి కుదిరాడు.

అన్నదమ్ములిద్దరూ చిన్నప్పటి నుంచి కలిసి పనిచేసినవాళ్లు. అన్న విల్లు పట్టి దూది ఏకితే తమ్ముడు దాన్ని పరుపు గలీబులో నింపేవాడు. కుట్టేటప్పుడు పరుపుకు అటొకరు ఇటొకరు కూర్చునేవారు. ఒకరు దబ్బనం గుచ్చితే ఇంకొకరు దారం లాగి బిగించేవారు. ఇప్పుడు ఖాజా హుస్సేన్ ఇటు గుచ్చి, లేచి, అటు పోయి దారం లాగుతున్నాడు.

యంత్రం ఒక్క పూటలో నాలుగు పరుపుల దూది ఏకేది. జనం అటే పోయారు. అయినా ఖాజా హుస్సేన్ వాళ్ల నాయన నేర్పిన పద్ధతి వదల్లేదు. ఒక ఇంటి దూది ఏకాక గది ఊడ్చి, వింటినారి తుడిచి, గోడకంటిన పోగులు కూడా ఏరి ఆ ఇంటి మూటలోనే వేసేవాడు. ఆ తర్వాతే ఇంకో ఇంటి మూట విప్పేవాడు. యంత్రం దగ్గర ఆ తీరిక లేదు. పదిళ్ల దూది ఒకే తొట్టిలో పడేది.

వేరుశనగ వ్యాపారి కేశవులు భార్య పద్మావతమ్మ ఆ సంగతి మొదట కనిపెట్టింది. యంత్రం దగ్గర చేయించిన పరుపు విప్పితే లోపల ఎవరిదో ఎర్రగుడ్డ పీలిక ఉంది. ఏ రోగి పడుకున్న దూదో తన బిడ్డ కింద పరిచానని వీధంతా చెప్పింది. కూతురి పెళ్లి పరుపులు ఖాజా హుస్సేన్‌కు ఇచ్చింది. ఆమె వెనక ఇంకొందరు వచ్చారు. వానాకాలానికి దుకాణంలో మూటలు పేరుకున్నాయి.

పని పెరిగేకొద్దీ ఖాజా హుస్సేన్‌కు తమ్ముడి మీదే ధ్యాస. పరుపుకు అటువైపు తాను కూర్చుంటానని భార్య మాబున్నీసా అంది. వద్దన్నాడు. ఇంత పని ఉందని తెలిస్తే వాడే వస్తాడన్నాడు. బజారులో ఆ యంత్రం ఇంజను ఆగినప్పుడల్లా విల్లు ఆపి వాకిలి వైపు చూసేవాడు.

ఒక శుక్రవారం నమాజు తర్వాత రహంతుల్లా వచ్చాడు. భుజం మీద చుట్టిన పరుపు ఉంది.

"ఏమప్పా, ఇంజను చెడిపోయిందా?" అన్నాడు ఖాజా హుస్సేన్.

"లేదన్నా. అమ్మ పరుపు. గడ్డలు కట్టింది."

"నీ ఇంజనుకు అమ్మ దూది అరగదా?"

రహంతుల్లా పరుపు దించాడు. వాళ్లమ్మ జుబేదాబీ అంతకు ముందు ఏడాది చనిపోయింది.

"దాంట్లో ఎయ్యలేనన్నా. అందర్దాంట్లో కలిసిపోతాది. మళ్లా అమ్మది యాడ ఎతుక్కునేది?"

ఖాజా హుస్సేన్ గది ఊడ్చి, నారి తుడిచి, విల్లు అందుకున్నాడు. తమ్ముడు గలీబు నింపాడు. పరుపుకు అటొకరు ఇటొకరు కూర్చున్నారు. ఒకరు గుచ్చారు, ఒకరు లాగారు. పొద్దు వాలింది. చివరి కుట్టు దగ్గర అన్న అన్నాడు:

"రేపట్నుంచి ఈడికే వచ్చేయప్పా. నీ తావు అట్లే ఉండాది."

రహంతుల్లా దారం తెంపాడు. వానలు పడకుంటే ఈ ఊర్లో పరుపులు కుట్టించుకునేదెవరని అడిగాడు. యంత్రం దగ్గర నెల నెలా జీతం తప్పదన్నాడు.

"పిల్లోల్లు ఉండారన్నా."

ఖాజా హుస్సేన్ పరుపు చుట్టి తమ్ముడి భుజానికి ఎత్తాడు. శనివారం పొద్దున రహంతుల్లా యంత్రం దగ్గర పనికి వెళ్లాడు.