గాలికి ఎదురుగా

ఆళ్లగడ్డ దాటినాక, నల్లమల అంచున శేషయ్యకు ఒక కొర్ర చేను ఉంది. పోయిన ఏడు వానలు లేక ఇంట్లో గింజ మిగల్లేదు. ఈ ఏడు, 1956లో, వాన పడింది, కొర్ర కంకి పట్టింది. ఆ కంకుల కోసం తెల్లవారుజామున దుప్పులు కొండ దిగి రావడం మొదలుపెట్టాయి. డప్పు కొడితే కొన్నాళ్లు భయపడ్డాయి, తర్వాత అదీ లేదు. ఇంకో వారం ఇట్లాగే మేస్తే పిల్లలకు పెట్టడానికి ఏమీ ఉండదు.

చివరికి శేషయ్య నంద్యాల పోయి నూర్ మహమ్మద్‌ను పిలుచుకొచ్చాడు. ఆయన తోళ్ల వ్యాపారి. లైసెన్సు తుపాకీ ఉంది, అడవి తెలుసు. చేను చుట్టూ తిరిగి, పిడికెడు దుమ్ము గాలిలోకి వదిలి చూశాడు.

“పొద్దు పొడవక ముందు గాలి కొండ మీదినుంచి కిందికి దిగుతాది. దిగువ గట్టున కూర్చుంటే మన వాసన వాటికి పోదు. ఎండెక్కితే గాలి తిరిగి పైకి పోతాది. అప్పుడు యాడ దాక్కున్నా ఒకటే. అన్నా, రేపు పూజ తిరిగొచ్చినాక చేస్కో.”

“దేవునికి మొక్కకుండా గడప దాటినోన్ని కాదప్పా.”

“మనసులో మొక్కు, ఎవరు వద్దన్నారు? నీ సాంబ్రాణి వాసన కొండెక్కి, ‘శేషయ్య వస్తాండాడు, లెయ్యండి’ అని వాటికి చెప్తాది.”

ఇద్దరూ నవ్వారు. శేషయ్య భార్య రామేశ్వరమ్మ నవ్వలేదు. మరునాడు శనివారం, నరసింహస్వామి రోజు. ఆమె భర్తకూ, తుపాకీకీ కూడా సాంబ్రాణి పొగ పట్టింది. నూర్ తెల్లబడుతున్న ఆకాశం వైపు చూస్తూ నిలబడ్డాడు.

వాళ్లు గట్టు చేరేసరికి వాలు మీద ఎండ పడింది. చేనులో దుప్పులు మేస్తున్నాయి. నూర్ తుపాకీ ఎత్తుతుండగా శేషయ్య మెడ వెనక చల్లగా తగిలింది. గాలి తిరిగింది. ఒక ఆడదుప్పి తల ఎత్తింది. వాళ్ల వైపు చూడనైనా లేదు. ముక్కు పైకెత్తి, ముందుకాలితో నేలను తన్ని, ఒక్క కూత కూసింది. మంద అంతా కొండెక్కేసింది.

“మీ సామి బాగా దీవించినాడులే అన్నా, వాటిని,” అన్నాడు నూర్.

శేషయ్యకు నవ్వు రాలేదు. చేను కాపాడమని ఆయన మొక్కాడు. ఆ మొక్కు పొగే దుప్పులను కాపాడింది. స్వామి విన్నది ఎవరి మొర?

ఆ సాయంత్రం తన కంబళి తీసుకుపోయి, మేకల వాసన పట్టాలని వాటి దొడ్లో వేశాడు. మరునాడు చీకటుండగానే దాన్ని కప్పుకొని, స్నానం లేకుండా బయలుదేరాడు.

“ఏందిది? ముఖాన నామం లేకుండా పోతాండావ్?” అంది రామేశ్వరమ్మ.

“చేను ఉంటే కదా నైవేద్యం,” అన్నాడు. ఆ మాట తన చెవికే కరుకుగా వినిపించింది.

గట్టున నూర్ పక్కన కూర్చుంటే గాలి ముఖానికి తగులుతోంది. కంకులు తెంపుతున్న చప్పుడు వినిపించేంత దగ్గరికి వచ్చాయి దుప్పులు. అందులో ఒక ఆడది తల ఎత్తి సూటిగా శేషయ్యనే చూసింది. ఆయన కదలలేదు. అది ముక్కుతో గాలిని వెతికింది. గాలి దానికి ఏమీ చెప్పలేదు. గాలిని నమ్మి తల దించుకుంది.

నూర్ ఆయన వైపు చూశాడు. శేషయ్య తల ఊపాడు.

తుపాకీ పేలింది. మంద చెదిరింది, ఒకటి పడిపోయింది. నూర్ పరుగున పోయి, అల్లా పేరు చెప్పి కత్తి తీశాడు. ఆ పేరు విన్నాక, ఈ పొద్దు తాను మనసులోనైనా ఏ పేరూ తలచలేదని శేషయ్యకు తెలిసింది.

“నీ పాలు మాంసం తీస్కో అన్నా.”

“అంతా నువ్వే తీస్కపో అప్పా.”

ఇంటికి వచ్చి, స్నానం చేసి, స్వామి ముందు చాలాసేపు కూర్చున్నాడు. “వాటి కడుపూ నువ్వు పెట్టిందే కదా సామీ,” అని మాత్రం అనగలిగాడు.

మరునాడు దుప్పులు రాలేదు. చేను నిలిచింది. శేషయ్య ఒక్కడే గట్టున కూర్చుని, కళ్లు మూసుకుని గట్టిగా ఊపిరి పీల్చాడు. తడిమట్టి వాసన, పండుతున్న కొర్ర వాసన. కొండ మీద ఏముందో ఆ గాలి ఆయనకు చెప్పలేదు.