నెమలికంఠం రంగు

సర్కారు వారూ, మీరు చంపలేదు, నిజమే. కానీ ఆ చావును సీసాలోకెత్తి, సీల్ వేసి, మూల పడేసింది మీరే. పరీక్ష చేసే మనిషి రిటైరైపోతే ఇంకో మనిషిని వేయకుండా ఏళ్లు గడిపింది మీరే. రిపోర్టు రాలేదన్న ఒక్క ముక్క అడ్డం పెట్టి లోకేశ్వరిని జైల్లో మగ్గబెడుతున్నదీ మీరే.

ఆ రిటైరైన మనిషి పేరు పంకజాక్షి. తాగి చచ్చారా, తాగించి చంపారా అన్నది పేగు ముక్కను పరీక్షించి తేల్చే పనిలోకి ఈ సీమలో అడుగుపెట్టిన మొదటి ఆడమనిషి. ఇప్పుడు తిరుపతిలో ఒక మేడమీది గదిలో ఉంటోంది. ఆ పొద్దున ఆమె దోసె పోసుకుంటుంటే బంగారుపాళ్యం నుంచి భారతమ్మ వచ్చి గడపలోనే కూలబడింది.

"అక్కా, నా గాచారం మా చెల్లెలి కూతురికి తగులుకున్నాదే! లోకేశ్వరి మొగుడు సచ్చిపోయినాడు. మందు పెట్టి సంపిందని అత్త కేసు పెట్టింది. రిపోర్టు రాలేదని బిడ్డను జైల్లోనే పెట్టుకోనుండారు."

పంకజాక్షి పొయ్యి ఆర్పేసింది. ఆ మందు ఏ మందో ఆమెకు తెలుసు. మొగుణ్ణి కొంగుకు కట్టేసుకోవాలని పెళ్లాం కూడులో కలిపి పెడుతుందంటారే, ఆ మరుగు మందు. మొగవాడు నాలుగు రోజులు కడుపునొప్పి అన్నాడంటే చాలు, పెళ్లాం పెట్టిందంటారు. మందు కక్కించేవాడి దగ్గరికి మోసుకుపోతారు.

ఒకప్పుడు మొగుడు పోయినప్పుడు భారతమ్మ మీద పడింది కూడా ఇదే నింద. అప్పుడు పోలీసులంతా మందు పెట్టిందెవరని అడిగారు. పంకజాక్షి ఒక్కతే, కక్కించిందెవరని అడిగింది. సీసాలోని ముక్కలను యాసిడ్‌లో కరిగించి, వడగట్టిన నీళ్లలో అమోనియా పోస్తే ముదురు నీలం తేలింది. మైలుతుత్తం, రంగుల పనిలో వాడే నీలి విషం. కక్కించేవాడు తాగించిందే ఆ మనిషిని తినేసింది. భారతమ్మ బయటపడింది.

"పరీక్ష చేసేదానికి ఇప్పుడు నా చేతిలో ఏముండాది భారతీ?" అంటూనే చీర మార్చుకుంది పంకజాక్షి. "పద, ఆ అత్తను అడుగుదాం."

అత్త ఉండే నగరికి పోయే బస్సు పుత్తూరు దాటి, నగరి కొండ ముక్కు కనబడగానే పంకజాక్షికి పుట్టింట్లో ఉడికే రంగుల వాసన గుర్తొచ్చింది. పెరట్లో నాయన ఏకాంబరం రంగు కాగు, అందులో మునిగి తేలే నూలు చిలపలు, కలబెట్టడానికి తన ఎత్తు కర్ర. నాయన చేతులు అన్నం తినేటప్పుడు కూడా నీలంగానే ఉండేవి. "యా రంగైనా నాలిక్కి తగిలించినావో, కాళ్లిరగ్గొడతా పాపా" అనేవాడు. విషాల గురించి ఆమె నేర్చుకున్న మొదటి పాఠం అది. కాలేజీలో చెప్పిందంతా ఆ తర్వాతే.

ఉద్యోగంలో చేరినప్పుడు తిరుపతిలో ఇల్లు దొరకలేదు. పీనుగుల పని చేసేదానికి ఇల్లు ఇయ్యం పొమ్మన్నారు. ఊరికి పోతే అమ్మ వాకిట్లోనే నిలబెట్టి, నెత్తిన పసుపునీళ్లు పోసి, తర్వాత ముద్దు పెట్టుకునేది. ఆఫీసులో ఆమె క్యారియర్ జోలికి ఎవరూ వచ్చేవాళ్లు కాదు, పక్క బల్ల పరంధామయ్య తప్ప. "సీసాలమ్మా, నీ చేత్తో విషం పెట్టినా ఇంకొంచెం ఎయ్యమంటా" అని పులిహోరంతా ఊడ్చేసేవాడు. ఆయన పోయాడు. ఆ నవ్వులూ పోయాయి. బస్సు కిటికీ పక్క పంకజాక్షి తనలో తనే నవ్వుకుని, కొంగుతో కళ్లు తుడుచుకుంది.

మరమగ్గాల మోత మధ్య లోకేశ్వరి అత్త చౌడేశ్వరమ్మ ఇల్లు. చచ్చిపోయిన కొడుకు మునికుమార్ నేస్తున్న చీర సగంలోనే ఆగి ఉంది. దాన్ని ఎవరినీ ముట్టనివ్వడం లేదు ఆ తల్లి. భారతమ్మను చూడగానే లేచింది.

"ఏమ్మే, మీ యింటోళ్లందరికీ ఇదే పనా? మొగుళ్లకు మందు పెట్టేది?"

భారతమ్మ నోరు తెరవబోతే పంకజాక్షి చెయ్యి పట్టి ఆపింది. "చౌడక్కా, నేను ఏకాంబరం కూతుర్ని. ఈ నగరి బిడ్డనే. ఒక్క మాట చెప్పు. బిడ్డకు మందు తీయించినారా?"

"తీయిస్తిమి. నేనే ఎత్తుకోని పోతిని. కొండ కింద మందు కక్కిస్తాడు కదా, ఆయప్ప దగ్గరికి. లోటాతో ఏందో తాపినాడు. కక్కినాడు నా బిడ్డ. ఆ పాపిష్టిది పెట్టిన మందంతా బయటపడె. నా కండ్లతో సూసినా."

"కక్కింది యా రంగులో ఉండె?"

నేతగత్తె కదా, పచ్చగా ఉందని ఊరుకోలేదు. "నెమిలికంఠం రంగు. పట్టు అంచుకు ఏస్తామే, అచ్చం అదే."

"అరవంలో నెమిలిని ఏమంటారక్కా?"

"మయిలు. అదెవురికి తెలీదు?"

"మయిలు తుత్తం."

చౌడేశ్వరమ్మ పెదవులు ఆ మాటను ఒకసారి మెల్లగా కదిపాయి. రంగుల మధ్య బతికిన నేతగత్తెకు మైలుతుత్తం తెలియకపోవడమా? కోడలు పెట్టిన మందనుకుని కళ్లారా చూసింది, తన చేతుల్లో ఉన్న బిడ్డకు వాడు పోసినదాన్నే. గోడకు తల కొట్టుకుంది. పంకజాక్షి అడ్డంగా అరచెయ్యి పెట్టింది. చాలాసేపు ఆ చేతి మీదే కొట్టుకుంది తల్లి.

తర్వాత ముగ్గురూ కలిసే స్టేషన్‌కు పోయారు. ఎస్సై మునీంద్ర విన్నాడు, పెన్ను తిప్పాడు.

"మేడమ్, మీరు రిటైరయినారు గదా. ఇంట్లో ఉండక యెందుకు మీకీ ఎండలో తిరుగుడు?"

"నేను రిటైరయినానప్పా. వాడు కాలా. ఈ పొద్దు కూడా ఎవురికో లోటా ఎత్తుతా ఉంటాడు."

"కేసు పెట్టింది నేను," అంది చౌడేశ్వరమ్మ. "నేనే చెప్తా ఉండా. రాసుకో."

మునీంద్ర పెన్ను తిప్పడం ఆపాడు. పంకజాక్షి బల్ల మీదికి వంగింది.

"ఇప్పుడే జీపు తియ్యి. కొండ కిందకి పోయి వాడి లోటా, వాడి కుండ, వాడి పొట్లాలు అన్నీ పట్టుకోని సీల్ వెయ్యి. మూల పడుండే మునికుమార్ పేగు సీసాను రేపే బయటికి తీయించు. మైలుతుత్తం ఉండాదేమో చూడమని పేరు పెట్టి అడుగు. ఈమె వాంగ్మూలం జడ్జి ముందర పెట్టు, లోకేశ్వరి బెయిలుకు అడ్డం పడొద్దు. రిపోర్టు ఎప్పుడొస్తాదో రానీ. ఆ పిల్లను మాత్రం ఇంటికి పంపించండి, ముందు."